కులం లేదా, ఉండకూడదా? మూడు రిజిస్టర్ల మధ్య పల్నాడు దళిత క్రైస్తవులు

పల్నాడు పల్లెల్లో పిల్లవాణ్ణి పేరడిగితే ఒక్కోసారి ఎదురు ప్రశ్న వస్తుంది. "ఏ పేరు సార్, బళ్ళో పేరా, గుళ్ళో పేరా?" గుడి అంటే ఇక్కడ చర్చి. గుళ్ళో వాడు దానియేలు. బళ్ళో శ్రీనివాసరావు. ఇంట్లో ఈ రెండూ కాదు, చిన్నోడు.

బయటినుంచి వచ్చిన మిత్రులు ఈ మాట విని నవ్వుతారు. కొందరు నొచ్చుకుంటారు. "ఇట్లా రెండు పేర్లతో బతకడం మోసం కాదా?" అని మొహం మీదే అడిగినవాళ్ళూ ఉన్నారు. మాకూ రెండు పేర్లున్నాయి. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేమే. ఆ గడప దాకా మమ్మల్ని తీసుకెళ్ళింది బళ్ళో పేరు. ఆ గడప దగ్గర తలవంచుకోకుండా నిలబడే ధైర్యాన్నిచ్చింది గుళ్ళో పేరు. ఈ రెంటిలో ఏది మోసమో చెప్పమంటే మేము చెప్పలేం. అందుకే ఈ వ్యాసంలో తీర్పు చెప్పే పనికి ముందు విషయాన్ని విడమరిచే పని పెట్టుకున్నాం.

పల్నాటి దళిత క్రైస్తవుడి పేరు మూడు చోట్ల రాసి ఉంటుంది. ఒకటి సంఘం రిజిస్టరు. రెండోది సర్కారు రిజిస్టరు. మూడోది ఊరి రిజిస్టరు. ఈ మూడోదానికి కాగితం లేదు గానీ అన్నిటికన్నా గట్టిది అదే. మొదటిదాంట్లో అతనికి కులం లేదు. మూడోదాంట్లో కులం తప్ప ఇంకేమీ లేదు. రెండోది ఈ రెంటి మధ్యా నిలబడి, "నువ్వు గుళ్ళోకి పోతే నీకు కులం లేనట్టే లెక్క" అంటుంది. "క్రీస్తులో కులం లేదు" అనే ఒక్క మాట చుట్టూ ఈ చిక్కంతా అల్లుకుని ఉంది. ఆ మాట ఎవరు, ఏ అర్థంలో అంటున్నారనేదే మన ప్రశ్న.

గుడి రిజిస్టరు

పల్నాట్లో ప్రొటెస్టంటు క్రైస్తవానికి నూట డెబ్బై ఏళ్ళు దాటాయి. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. 1849లో గురజాలకు మకాం మార్చాడు. అక్కడినుంచి మాలపల్లెల్లో సంఘాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతపు లూథరన్ సంఘాల్లో ఇప్పటికీ మాలలే ఎక్కువ.

బాప్టిస్టులు ఒంగోలు వైపునుంచి వచ్చారు. తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకున్నాక ఆ గాలి మాదిగపల్లెల్లోకి వీచింది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1883లో నరసరావుపేట, వినుకొండ బాప్టిస్టు మిషన్ స్టేషన్లయినాయి. రెంటచింతల, ఫిరంగిపురం వైపు కతోలికులు ఇంకా పాతవాళ్ళు. వాళ్ళలో రెడ్లు, కమ్మలు కూడా ఉన్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

"కూటికోసం మతం మారారు" అనే దెప్పు మాకు పుట్టినప్పటినుంచీ వినపడుతూనే ఉంది. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. కరువు పని నడుస్తున్నప్పుడు, కూటికోసం వచ్చారనే నింద రాకూడదని, క్లౌ ఏడాదికి పైగా ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అది పక్కన పెట్టినా, ఆకలిగొన్నవాడు కూడు కోరుకోవడం నేరమన్నట్టు మాట్లాడేది కడుపునిండినవాళ్ళే. అసలు మా తాతలు కోరుకున్నది కూడు ఒక్కటే కాదు. బడి కోరుకున్నారు. జబ్బు చేస్తే ముట్టుకుని చూసే డాక్టరును కోరుకున్నారు. అన్నిటికన్నా ముందు ఒక పేరు కోరుకున్నారు.

అంతకుముందు మాకు పేర్లు లేవా అంటే ఉన్నాయి. పుల్లిగాడు, పెంటిగాడు, నాగి, పోలి. పుట్టినవాడికి అయ్యా అమ్మా ఏ పేరు పెట్టుకున్నా, ఊరు పిలిచే పిలుపు ఇది. బాప్తిస్మం రిజిస్టరులో వాళ్ళు ఏసోబు, దావీదు, రూతమ్మ, రాహేలు అయినారు. ఆ పేర్లు మొదటిసారి ఒక పుస్తకంలో, సిరాతో, తోక తగిలించకుండా రాయబడ్డాయి. ఇప్పుడు మనకది చిన్న విషయంగా కనపడుతుంది. కౌలు కాగితంలోనూ అప్పు నోటులోనూ వేలిముద్రగా తప్ప కనిపించని మనుషులకు అది చిన్న విషయం కాదు. ఊరు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఏసోబును 'ఏసోబుగా' అని పిలిచింది. పేరు మారింది గానీ పిలుపు మారలేదు. మా చరిత్ర చాలావరకు ఈ పేరుకీ పిలుపుకీ మధ్య జరిగిందే.

సర్కారు రిజిస్టరు

ఇప్పుడు చట్టం సంగతి. విద్యార్థులు దీన్ని తేదీలతో సహా తెలుసుకోవడం మంచిది.

1936లో బ్రిటిష్ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల జాబితా ప్రకటించినప్పుడే ఇండియన్ క్రైస్తవుడెవరూ షెడ్యూల్డు కులస్తుడిగా లెక్కకు రాడని రాసింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా అదే గీత మళ్ళీ గీసింది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవారు ఎస్సీలుగా పరిగణించబడరు అన్నది. 1956లో ఆ గీతను సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం జరిపారు. క్రైస్తవులకూ ముస్లిములకూ జరపలేదు.

మరి మతం మారిన దళితుడు ఏమవుతాడు? మన రాష్ట్రంలో 1970లో అనంతరామన్ కమిషన్ సిఫారసుల మీద ఎస్సీలనుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళను బీసీ-సి అనే గ్రూపు చేసి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. 1977లో జీవో 341 ద్వారా కొన్ని ఆర్థిక రాయితీలు వర్తింపజేశారు. అంతవరకే. ఎస్సీ నియోజకవర్గంలో పోటీచేసే హక్కు లేదు. ఎస్సీల 15 శాతంలో వాటా లేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితుడిగా నిలబడే హక్కు లేదు.

కోర్టులు ఏమన్నాయి? 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గుంటూరు మెడికల్ కాలేజీ ప్రిన్సిపాలు కేసు మన జిల్లాదే. క్రైస్తవులైన మాదిగ తల్లిదండ్రుల బిడ్డ ఒకరు హిందూ మతంలోకి మారి మెడికల్ సీటు తెచ్చుకున్నాడు. దాన్ని రద్దు చేశారు. కులం వాళ్ళు తిరిగి తమవాడిగా ఒప్పుకుంటే అతను ఆ కులస్తుడే అవుతాడని కోర్టు అతని పక్షాన చెప్పింది. అంటే కులం ఎక్కడికీ పోలేదు, బయట కాచుకుని కూర్చుందని కోర్టే ఒప్పుకున్నట్టయింది. 1985లో సూసై కేసు వచ్చింది. మద్రాసులో రోడ్డుపక్క చెప్పులు కుట్టుకునే ఆది ద్రావిడ క్రైస్తవుడు, తోటి హిందూ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు తనకెందుకు ఇవ్వలేదని అడిగాడు. మతం మారాక కూడా కులం బాధ అంతే తీవ్రంగా కొనసాగుతోందని రుజువు చూపించాలి అంది కోర్టు. చెప్పు కుట్టే ఆ చేతులు రుజువుగా సరిపోలేదు.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసెయ్యమని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం హిందూ ఎస్సీనని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన అత్యాచారాల కేసును కొట్టేసింది. క్రైస్తవానికి కులవ్యవస్థ పరాయిది, మతం మారినవాడికి చేతిలో సర్టిఫికెట్ ఉన్నా ఆ చట్టం రక్షణ ఉండదు అన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ చట్టం ప్రభావం జనాభా లెక్కల్లో కనపడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 లెక్కల్లో క్రైస్తవులు నాలుగు శాతం పైన ఉన్నారు. 2011 నాటికి ఒకటిన్నర శాతం లోపుకి పడిపోయారు. ఆ నలభై ఏళ్ళల్లో పల్లెల్లో చర్చిలు తగ్గాయా? పల్నాడులో ఏ పల్లెకైనా వెళ్ళి చూడండి. ఒకప్పుడు ఒక్క గుడి ఉన్నచోట ఇప్పుడు మూడు నాలుగు ప్రార్థనా మందిరాలున్నాయి, మైకులతో సహా. గుడి రిజిస్టరు పెరిగింది, సర్కారు రిజిస్టరు తరిగింది. ఈ తేడాలో మనుషులున్నారు. లక్షలమంది.

ఊరి రిజిస్టరు

ఊరి రిజిస్టరును ఎవరూ రాయరు, అందరూ చదువుతారు. మాచర్ల వైపు మిరపకోతలకు మేస్త్రీ కూలీలను పిలిచేటప్పుడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగడు. ఏ పల్లెనుంచి వచ్చారని అడుగుతాడు. అద్దె ఇంటికోసం నరసరావుపేటలో తిరిగితే "మీరేమిట్లు?" అని అడుగుతారు. "క్రిస్టియన్స్ అండి" అంటే మొహంలో ఒక నవ్వు వస్తుంది. ఆ నవ్వుకు అర్థం మాకు తెలుసు. తర్వాత "ఇల్లు ఇంకొకరికి మాటిచ్చాం" అనే జవాబు వస్తుంది. ఈ ప్రాంతంలో 'క్రిస్టియన్' అంటే మతం పేరు కాదు, కులాన్ని మర్యాదగా అడిగి మర్యాదగా తెలుసుకునే మాట.

ఇప్పుడు రెంటచింతల సంగతికి వద్దాం. రెడ్డి కుటుంబం తరతరాలుగా కతోలికులయినా ఊళ్ళో రెడ్డిగానే ఉంటుంది. పేరు చివర రెడ్డి ఉంటుంది, పొలం ఉంటుంది, పెళ్ళి సంబంధాలు రెడ్లతోనే ఉంటాయి. క్రీస్తు దగ్గరికి వచ్చినంత మాత్రాన వాళ్ళ కులం పోయిందని ఏ కోర్టూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ పడలేదు. దళితుడు క్రైస్తవుడైతే మాత్రం కులం పోయినట్టు సర్కారు రాసుకుంటుంది. పోవడం కూడా చిత్రంగా పోతుంది. కులంవల్ల వచ్చే అవమానం పోదు, ఆ అవమానానికి పరిహారం పోతుంది.

దీనికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం రక్తంతో రాసి ఉంది. 1985 జులై 17న కారంచేడులో చంపబడినవాళ్ళ పేర్లు చూడండి. వాళ్ళలో మోషేలున్నారు, యెహోషువ ఉన్నాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. వాళ్ళలో ఇమ్మానుయేలు ఉన్నాడు, ఇస్సాకు ఉన్నాడు, మత్తయ్య ఉన్నాడు. బరిసెలు, గొడ్డళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళు ముందుగా సంఘం రిజిస్టరు తెప్పించి, వీళ్ళు క్రైస్తవులు గనక వీళ్ళకు కులం లేదని తీర్మానించుకుని వెనక్కి పోలేదు. చంపేవాడికి స్పష్టంగా తెలిసిన విషయం చట్టానికి మాత్రం సందేహంగా ఉండటం మన కాలపు విచిత్రం. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసిందన్నది కూడా ఈ లెక్కలోనే రాసుకోవాలి.

మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా ఈ మాటను ఎప్పుడో చెప్పాడు. క్రైస్తవ ఇంట్లో పుట్టిన ఆ కవి 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడి గోడును కాశీలోని శివుడి చెవిన వెయ్యమని గబ్బిలాన్ని పంపాడు. ఆ కవే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు పొందాడు. ఈ రెండు పుస్తకాలనూ ఒకే చెయ్యి రాసిందని గుర్తుంచుకుంటే చాలు, బాప్తిస్మం నీళ్ళు అంటరానితనాన్ని కడిగెయ్యలేదని అర్థం చేసుకోవడానికి.

నిత్యజీవితంలో ఏమవుతుంది?

ఈ మూడు రిజిస్టర్ల మధ్య రోజువారీ బతుకు ఎట్లా నడుస్తుందో తెలియనివాళ్ళకు చెప్పాలి.

తహసీల్దారు ఆఫీసుకు సర్టిఫికెట్ కోసం వెళ్ళే తల్లి, ఇంట్లోంచి బయలుదేరేముందు పక్కింటి అక్క దగ్గర బొట్టు పెట్టించుకుంటుంది. తిరిగి వచ్చాక చెరిపేసుకుంటుంది. ఆదివారం ప్రార్థనలో దానికోసం దేవుణ్ణి క్షమించమని అడుగుతుంది. ఎంక్వయిరీకి ఎవరైనా వస్తారని తెలిస్తే గోడమీద క్యాలెండరు తిరగేస్తారు. తలుపుమీద వాక్యం రాసి ఉంటే దాని మీద చీర ఆరేస్తారు. పెళ్ళి ఇంకో చిక్కు. గుళ్ళో చేసుకుని 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద సర్టిఫికెట్ తీసుకుంటే ఆ కాగితమే రేపు సాక్ష్యమవుతుంది. అందుకని గుళ్ళో ప్రార్థన చేయించుకుంటారు, కాగితం మాత్రం వేరే దారిలో తెచ్చుకుంటారు. శుభలేఖలు రెండు రకాలు అచ్చు వేయిస్తారు. ఉద్యోగస్తుడు సంఘానికి కానుక ఇస్తాడు గానీ రసీదు వద్దంటాడు. రిటైరయ్యాక గాని సభ్యత్వం రాయించుకోడు.

1993 నాటి కుల ధ్రువీకరణ పత్రాల చట్టం కింద ఎవరైనా కలెక్టరుకు ఫిర్యాదు చేసి ఎంక్వయిరీ కోరవచ్చు. దొంగ సర్టిఫికెట్లతో దళితుల ఉద్యోగాలు కాజేసే అగ్రకులాల వాళ్ళను పట్టుకోవడానికి ఆ చట్టం అవసరమే. కానీ పల్లెల్లో అది ఇంకోరకంగా కూడా పనిచేస్తుంది. పొలం గట్టు తగాదాలో, పంచాయతీ ఎన్నికల్లో, కూలి రేట్ల గొడవలో ఎదురు తిరిగిన దళితుడికి "నీ కొడుకు ఉద్యోగం సంగతి చూస్తాం, నువ్వు చర్చికి పోయే ఫోటో మా దగ్గరుంది" అనే బెదిరింపు వస్తుంది. రెండు పేర్ల బతుకంటే నోరెత్తడానికి జంకే బతుకు. ఈ చట్టం దెబ్బ అక్కడ తగులుతోంది.

ఈ భారంలో ఎక్కువ పాలు ఆడవాళ్ళదే. గుడిని నిలబెట్టింది వాళ్ళు. వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి సంఘానికి ఇచ్చేది వాళ్ళు. బొట్టు పెట్టుకోవడం, చెరుపుకోవడం కూడా వాళ్ళ నుదుటిమీదే జరుగుతుంది. మగవాడి మతం మొహం మీద కనపడదు. ఆడమనిషి మతం కనపడుతుంది.

సంఘంలోపలి లెక్క

ఇంతవరకూ సర్కారునూ ఊరినీ అన్నాం. మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి.

పల్నాడుకు సహపంక్తి భోజనం పరదేశంనుంచి రాలేదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి వీరుల కథలో మాచర్ల బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా, సేనానిగా చేసుకున్నాడనీ చెప్పుకుంటాం. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఆ చాపకూడును ఇప్పటికీ తలుచుకుంటారు. ఏడాదికొకసారి తలుచుకోవడం, మిగతా ఏడాదంతా మర్చిపోవడం ఊరి పద్ధతి. ప్రభువు బల్ల దగ్గర మన పద్ధతి ఏమన్నా వేరా?

ఒకే రొట్టె, ఒకే గిన్నె అంటాం. లూథరన్ గుడి మాలలది, బాప్టిస్టు గుడి మాదిగలది అన్న లెక్క మాత్రం చాలా ఊళ్ళల్లో చెరగలేదు. సంస్కారంలో ఒకే గిన్నెలో తాగినవాళ్ళు పెళ్ళి సంబంధం దగ్గర "వాళ్ళది ఏ మిషను?" అని అడుగుతారు. మిషను అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. 1994 జులైలో మాదిగ దండోరా మొదలై వాటాల ప్రశ్న బజారులో పెట్టినప్పుడు, చాలా సంఘాలు ఆ ప్రశ్నను లోపలికి రానివ్వకుండా తలుపేసుకున్నాయి. 2025లో రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చినప్పుడు కూడా పులిపీఠాల మీదనుంచి మౌనమే వినపడింది. సంస్థల పదవుల్లో, కాలేజీ నియామకాల్లో, మిషను ఆస్తుల తగాదాల్లో కులం మాట్లాడుతూనే ఉంది. పులిపీఠం మీద మాత్రం "మనలో కులం లేదు" అని ప్రసంగం.

ఉస్మానియాలో తత్త్వశాస్త్రం చెప్పిన కె. విల్సన్ 1982లోనే దళిత క్రైస్తవులు రెండుసార్లు పరాయివాళ్ళయ్యారని పుస్తకం రాశాడు. నరసరావుపేట గడ్డమీద పుట్టిన మద్దూరి నగేష్ బాబు 'పరలోక ప్రార్థన'ను తిరగేసి తన కావ్యానికి 'నరలోక ప్రార్థన' అని పేరుపెట్టాడు. ఆ పేరే ఒక విమర్శ. పరలోకం గురించి ఇన్ని మాటలు చెప్పే సంఘం నరలోకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతోంది?

లేదు, ఉండకూడదు

ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు దగ్గరికి వచ్చాం.

పౌలు గలతీయులకు రాసిన పత్రికలో యూదుడని, గ్రీసుదేశస్థుడని, దాసుడని, స్వతంత్రుడని తేడా క్రీస్తులో లేదన్నాడు. ఆ మాట రాసేనాటికి సంఘంలో ఆ తేడాలు లేవా? ఉన్నాయి. ఉన్నాయి గనకే రాయవలసి వచ్చింది. అన్యులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేమునుంచి మనుషులు రాగానే బల్ల దగ్గర్నుంచి లేచి పక్కకు జరిగాడని అదే పత్రికలో ఉంది. పౌలు అతణ్ణి అందరి ముందూ నిలదీశాడు. అంటే "తేడా లేదు" అనేది అక్కడ జనాభా లెక్కల వివరం కాదు. అది ఒక డిమాండు. ఇట్లా ఉండాలి, లేకపోతే మీరు సువార్తకు ద్రోహం చేస్తున్నారు అని చెప్పడం.

మన సంఘాలు ఈ డిమాండును తీసుకుని వర్ణనగా మార్చేశాయి. "కులం ఉండకూడదు" అనాల్సినచోట "కులం లేదు" అన్నాయి. అట్లా అంటే హాయిగా ఉంటుంది, ఎవర్నీ నిలదీయక్కర్లేదు. నూట డెబ్బై ఏళ్ళు ఆ మాట చెప్పుకుంటూ వచ్చాం. చివరికి ఆ మాటే తీర్పు కాగితంలో అచ్చయి మనమీదికి తిరిగి వచ్చింది. క్రైస్తవంలో కులం లేదు గనక నీకు రక్షణ లేదు అన్నప్పుడు, జడ్జి కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మన ప్రసంగాన్నే మనకు అప్పజెప్పాడు.

ఇక రెండు పేర్లు మోసమా అనే ప్రశ్న. బైబిలు చదివేవాళ్ళకు ఇది కొత్త కథ కాదు. బబులోను రాజు కొలువులో చేరిన దానియేలుకు అధికారి బెల్తెషాజరు అని పేరు పెట్టాడు. ఆ పేరుతోనే అతను కొలువు చేశాడు, ఇంటికొచ్చి కిటికీ తెరిచి తన దేవుడికి మొక్కాడు. హదస్సా అనే అమ్మాయి ఎస్తేరు పేరుతో రాణి అయి, మొర్దెకై చెప్పినందున తన జనమేదో చాలాకాలం బయటపెట్టలేదు. వీళ్ళను మోసగాళ్ళని ఏ పాస్టరూ ప్రసంగించగా మేము వినలేదు. మరి బొట్టు పెట్టుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న తల్లి ప్రతి ఆదివారం ఎందుకు కుమిలిపోవాలి? రెండు పేర్లు పెట్టుకోమని ఆమెను నెట్టిన చట్టానికి లేని పాపభీతి ఆమెకెందుకు?

అయితే ఎస్తేరు కథ అక్కడితో ఆగదు. తన జనం ప్రాణాలమీదికి వచ్చినప్పుడు ఆమె రాజుముందుకు వెళ్ళి తానెవరో చెప్పింది. కోటలో ఉన్నది ఆమె గనక చెప్పవలసిన బాధ్యత ఆమెమీద పడింది. కూలి తల్లి చెప్పనక్కర్లేదు. బిషప్పులు చెప్పాలి. మిషను కాలేజీల పెద్దలు చెప్పాలి. రిటైరైన ఉద్యోగస్తులు చెప్పాలి. పోగొట్టుకోవడానికి సర్టిఫికెట్ తప్ప ఏమీ లేనివాళ్ళను ముందుకు తోసి, ఆస్తులూ పదవులూ ఉన్నవాళ్ళు వెనక నిలబడటం ఇప్పటివరకూ జరిగిన పని.

హిందూ దళిత సోదరుల నుంచి ఒక అభ్యంతరం ఉంది. దాన్ని దాటవెయ్యకూడదు. మిషను చదువుల వల్ల ముందుకెళ్ళినవాళ్ళు వచ్చి 15 శాతంలో తమ వాటా తింటారని వాళ్ళ భయం. ఇది నిజమైన భయమే. కానీ మన ప్రాంతంలో ఈ క్రైస్తవుల్లో చాలామంది సర్కారు లెక్కల్లో ఇప్పటికే ఎస్సీలుగానే ఉన్నారు. కొత్తగా వచ్చేది జనం కంటే ఎక్కువగా నిర్భయం. ఆపైన జనం పెరిగితే వాటా కూడా పెంచమని అందరం కలిసి అడగాలి. ఒకే పల్లెలో ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు ఒక రొట్టెముక్క కోసం కొట్టుకుంటుంటే రొట్టె ఎవరి చేతిలో ఉందో మర్చిపోతాం.

నాలుగో రిజిస్టరు

చివరగా ఒక పని ప్రతిపాదిస్తున్నాం. సూసై కేసులో కోర్టు రుజువు అడిగింది. ఇన్నేళ్ళల్లో మన సంఘాలు బాప్తిస్మాలు రాశాయి, పెళ్ళిళ్ళు రాశాయి, సమాధులు రాశాయి, కానుకలు పైసలతో సహా రాశాయి. అవమానాలు మాత్రం రాయలేదు. ఏ ఊళ్ళో శవాన్ని ఏ దారిన పోనివ్వలేదో, ఎవరికి ఇల్లు అద్దెకివ్వలేదో, టీ కొట్టులో ఎవరికి వేరే గ్లాసు పెట్టారో, సంఘంలోపల మాల మాదిగల మధ్య ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో, ఎన్ని ఆగిపోయాయో ఎక్కడా లేదు. కాగితం మీద లేనిది కోర్టుకు లేనట్టే.

అందుకని గురజాల, మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల విద్యార్థులూ, టీచర్లూ, కార్యకర్తలూ ఊరూరా ఈ నాలుగో రిజిస్టరు మొదలుపెట్టాలి. మనుషుల పేర్లు రాయవద్దు, ఆ పేరే రేపు వాళ్ళమీద ఫిర్యాదవుతుంది. ఊరు, తేదీ, జరిగింది, చూసినవాళ్ళు ఎంతమంది అన్నవి చాలు. గుడి బయట జరిగినదీ, గుడి లోపల జరిగినదీ రెండూ రాయాలి. బయటిది మాత్రమే రాస్తే అది సగం సాక్ష్యం. ఆ సగం సాక్ష్యాన్ని ఏ కోర్టూ నమ్మదు, మన పిల్లలూ నమ్మరు.

ఇక టీచర్లకు ఒక్క మనవి. క్లాసులో ఎవరైనా పిల్లవాడు "ఏ పేరు సార్?" అని అడిగితే నవ్వకండి. వాణ్ణి తప్పు పట్టకండి. వాడు ఈ దేశపు చట్టాన్ని మీకన్నా ముందే చదువుకున్నాడు. "నీకు ఏ పేరు ఇష్టమో అదే చెప్పు" అనండి. హాజరు పట్టీలో ఏమున్నా, ఆ పేరుతోనే పిలవండి.